నాలుగున్నర చుట్లు

కుర్చీ మెత్తగా ఉంది. నాకు ముందు తోచింది అదే. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ హాల్లో పనిచేశాను గానీ ఆ కుర్చీల్లో ఒక్కనాడూ కూర్చోలేదు, చూసిందల్లా పైనుంచే, కప్పు కింద ఇనుప వంతెన మీద నుంచే. అక్కణ్ణుంచి చూస్తే కుర్చీలన్నీ ఒలిచిన దానిమ్మకాయలో గింజల్లా ఎర్రగా వరసలు తీరి ఉండేవి, మెత్తగా కూడా ఉంటాయని ఎవరికి తెలుసు. రాస్తున్నావా అమ్మలూ? నెమ్మదిగానే చెబుతాలే, తొందరగా చెప్పడం నాకు చేతకాదు. ఈయన ఒక మాట పూర్తి చేసేలోపు పాలు కాగి, చల్లారి, తోడుకుంటాయి అనేది మీ అమ్మమ్మ. ఆ ఆదివారం మధ్యాహ్నం నువ్వు కింద చేప వేషంలో ఉన్నావు, నేనూ మీ అమ్మా పదిహేడో వరసలో ఉన్నాం, అక్కడ ఏం జరిగిందో నీకు తెలీదు. అది చెబుతాను. మధ్యలో నా మీద కోపం వస్తుంది నీకు. వస్తే రానీ, పెన్ను మాత్రం పడెయ్యకు.

ఆట మొదలవడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. చలి ముందు చీలమండల దగ్గర మొదలై మెల్లగా మోకాళ్ళ దాకా ఎక్కుతోంది. ఐసుకి వాసన ఉండదంటారు, ఉంటుంది, కడిగి బోర్లించిన ఇనుప పళ్ళెం వాసన, దాని మీద పాప్‌కార్న్ వాసన, తడిసిన స్వెట్టర్ల వాసన, అన్నిటికీ అడుగున, బాగా అడుగున, మట్టి వాసన. మట్టి ఎక్కడిదంటావేమో, మోటారుసైకిళ్ళ ఆట వచ్చినప్పుడు లారీలతో తెచ్చి పోసేవాళ్ళు, గుట్టలు చేసేవాళ్ళు, ఆట అయ్యాక ఎంత ఊడ్చినా ఆ మట్టి ఏ మెట్టు సందులోనో ఉండిపోయేది. ఒక వారం ఐసు మీద ఆటలు, ఇంకో వారం దాని మీద చెక్కలు పరిచి బంతాట, ఆపై వారం చెక్కల మీద పట్టా పరిచి మట్టి, తర్వాత కుక్కల విన్యాసాలు, ఆరడుగుల బొమ్మల వేషాలు, కుస్తీలు, బడిపిల్లల బహుమతుల రోజు. ఏం జరిగినా అడుగున ఐసు అలాగే ఉండేది, దుప్పటి ముసుగేసుకున్న మనిషిలా చెక్కల కింద పడుకుని, మోటారుసైకిళ్ళు గుండెల మీద ఎగిరినా లేచేది కాదు. నాకది వింతగా ఉండేది. మనుషులకి కూడా అలాగే ఉంటుందేమో, పైన ఎన్ని ఆటలు మారినా అడుగున ఒకటి గడ్డకట్టి ఉంటుంది. ఆ రోజు నా పక్కన మీ అమ్మ ఉంది, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, రెండు చేతులూ బ్యాగు మీద గుండ్రంగా పెట్టుకుని, బస్సు స్టీరింగు పట్టుకున్నట్టే. రోజూ తోలుతుంది కదా, చేతులకి అలవాటైపోయింది. ముప్పై ఏళ్ళలో మీ అమ్మ ఆ హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు. నిన్ను ప్రాక్టీసుకి తీసుకెళ్ళింది కూడా మీ నాన్నే గానీ తను కాదు, ఎందుకో నువ్వెప్పుడూ అడగలేదు.

లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర టికెట్లు చింపే ఆవిడ నన్ను చూసి, "ఏంటి రెండుగారూ, జారి కింద పడ్డారా?" అంది. ఆవిడా నేనూ ఒకే ఏడాది పనిలో చేరాం. రెండు నా పేరు కాదు, నా దీపం నంబరు. అసలు దాన్ని ఫోకస్ లైటు అంటారు, మేం దీపం అనేవాళ్ళం, మనిషంత పొడుగు డబ్బా, లోపల కాగే బల్బు, పక్కన ఊదే ఫ్యాను, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కింద ఆడే మనిషి ఎటు పోతే అటు తిప్పాలి. మొత్తం నాలుగు దీపాలు, హాలుకి నాలుగు మూలలా. కింద మేనేజరు హెడ్‌సెట్లో పిలిచేది, ఒకటీ వెళ్ళు, రెండూ వెళ్ళు, అని, పేర్లు పెట్టి పిలిచే తీరిక ఎవరికుంటుంది. అలా నేను రెండైపోయాను. ఒకటో దీపం పట్టే ఆయన హెడ్‌సెట్లో నా చెవిలో ఎప్పుడూ గుసగుసలాడేవాడు, ఏం రెండూ, పుట్టింటికి పోయిన ఆవిడ ఇంకా రాలేదా, దీపం దిగులుగా తిరుగుతోంది, అని. మీ అమ్మమ్మ ఒకసారి హాలుకి ఫోన్ చేసి మా ఆయన్ని పిలవండి అంటే, ఎవరమ్మా మీ ఆయన, అన్నారట, పేరు చెబితే అలాంటి వాళ్ళెవరూ లేరన్నారట. చివరికి విసుగొచ్చి, అయ్యో, రెండండీ, రెండు, అందట. ఆ తర్వాత ఎన్నాళ్ళో నవ్వుకున్నాం.

టికెట్లు చింపే ఆవిణ్ణి నేను, "ఇవాళ రెండు మీద ఎవరమ్మా?" అనడిగాను. "ఇంకెవరు, మీ పిట్టే" అంది. సంతోషం వేసింది. పిట్ట నేను నేర్పిన మనిషి. తొంభై నాలుగు ఇనుప మెట్లు మొదటిరోజే ఊపిరి మార్చకుండా ఎక్కింది, అందుకే పిట్ట అన్నాం. ఇప్పుడు దానికీ నలభై దాటాయి, అయినా పిట్టే. మంచిదే, మా పిట్ట చేతిలో ఉంటే మా మనవరాలికి భయం లేదు, అనుకుంటూ వచ్చి కూర్చున్నాను. కుర్చీ మెత్తగా ఉంది. చలి మోకాళ్ళ దాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పిట్టకి నేను నేర్పిన మొదటి పాఠం ఏమిటో.

పడితే వదిలెయ్. అదీ పాఠం. ఆటలో ఎవరైనా జారి పడితే దీపం వాళ్ళ మీద ఉంచకూడదు, ఒక్క క్షణంలో తీసి పక్కవాళ్ళ మీదో, జోకరు మీదో, గుర్రబ్బొమ్మ మీదో వెయ్యాలి. మేనేజరు పిలవక్కర్లేదు, చెయ్యి దానంతట అదే పోవాలి. పడ్డ మనిషికి లేవడానికి కాస్త చీకటి కావాలి, అంత చీకటి మనం ఇవ్వాలి, అని నాకు మా దీపాల పెద్దాయన నేర్పాడు, నేను పిట్టకి నేర్పాను. ఎంత మందిని కాపాడామో అలా. ఒక ఐసు ఆట నాయకురాలు, పేరుమోసిన మనిషి, ఒకనాడు మూడుసార్లు పడింది, మూడుసార్లూ మేం నలుగురం దీపాలు చిలకల గుంపులా ఎగరగొట్టేశాం, చూసేవాళ్ళకి ఒక్కటీ తెలియలేదు. ఆట అయ్యాక ఆవిడ నడవలో ఎదురొచ్చి నమస్కారం పెడితే నేను గుర్తుపట్టలేదు. పైనుంచి చూసేవాడికి ముఖాలు తెలీవు కదా, నడినెత్తులే తెలుస్తాయి. ఆవిడ వంగి బూటు తాడు కట్టుకుంటుంటే అప్పుడు గుర్తుపట్టి, ఓహో మీరా తల్లీ, అన్నాను. అంత మంచి పాఠం అది. మర్యాదగల పాఠం. ముప్పై ఏళ్ళ కిందట ఆ పాఠమే మీ అమ్మ మీద పడింది.

వెనక వరసలో ఎవరి చేతిలోంచో బుడగ జారిపోయింది, పసుపుపచ్చది, ఏడుపు వినపడేలోపే అది మా తలల మీదుగా పైకి పోతోంది, నిద్రలో లేచి నడుస్తున్నట్టు, తొందరేం లేకుండా. పైన పనిచేసేవాడికి బుడగలు చుట్టాల్లాంటివి. కింద పిల్లలు పోగొట్టుకున్నవన్నీ మా దగ్గరికే వచ్చేవి, కప్పుకి నెత్తి ఆనించి నిలబడేవి, మూడో రోజుకి గాలి తగ్గి దారాలు వేలాడేసుకుని దిగేవి. ఆదివారం ఆటలు అయ్యాక నేను అందినవి అందినట్టు పోగుచేసి ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి, మీ అమ్మకి. గుమ్మంలో నిలబడి చూస్తుండేది, నాన్న వస్తున్నాడంటే ముందు వీధి మలుపులో బుడగలొచ్చేవి, తర్వాత నేను. ఒక్కో బుడగకీ ఒక్కో ఏడుపు ఉంటుంది నాన్నా, పాపం, అనేది. వాటికి పేర్లు పెట్టేది. నేను మాత్రం ఈ పిల్ల ఎప్పుడో ఒకరోజు ఐసు మీదకి వస్తుంది, నా దీపంలోకి వస్తుంది, అనుకునేవాణ్ణి.

వచ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు. ఐసు ఆటవాళ్ళు ఏ ఊరు వచ్చినా ఆ ఊరి పిల్లల్ని కొందరిని ముందుగానే ఏరి నాలుగు నిమిషాల ఆట ఆడిస్తారు, తల్లీతండ్రీ తాతా అవ్వా అందరూ టికెట్లు కొని వస్తారని. ఆ ఏడాది పిల్లలంతా మిణుగురులు. నల్ల బట్టలు, టోపీ మీద చిన్న బల్బు. మీ అమ్మకి చివర్లో ఒక్కతే మధ్యలోకి వచ్చి గిర్రున తిరిగే వంతు ఇచ్చారు. నాలుగు నెలలు ప్రాక్టీసు. ఐసు నునుపు చేసే బండి తోలే ఆయన్ని బతిమాలుకుంటే పొద్దున్నే గంటసేపు ఒప్పుకున్నాడు, నేనూ అదీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళేవాళ్ళం, ఖాళీ హాల్లో దాని బూట్ల చప్పుడు కత్తెర గుడ్డ కోస్తున్నట్టు ఉండేది, నేను గట్టు మీద కూర్చుని చుట్లు లెక్కపెట్టేవాణ్ణి. ఒకటి, రెండు, మూడు. మూడు దాటేది కాదు. మూడో చుట్టుకి భుజం వాలిపోయేది. ఫర్వాలేదురా, మూడు చాలు, అనేవాణ్ణి. ఆటరోజు నేను పైన, అది కింద. ఎంతో మంది నడినెత్తులు చూశాను గానీ ఆ పాపిట నాకు వేరే తెలుసు, మీ అమ్మమ్మ దువ్విన పాపిట, కొంచెం ఎడమకి వంకర. రెండూ వెళ్ళు, అంది మేనేజరు. వెళ్ళాను. నా కూతురు నా దీపంలో ఉంది. పళ్ళెమంత వెలుగులో, నల్లటి నీళ్ళలో ఆకు మీద కూర్చున్నట్టు. మధ్యకి వస్తూ వస్తూ పడింది. టోపీ మీది బల్బు ఆరిపోయింది. నా చెయ్యి పోయింది, అమ్మలూ. నేను పోనివ్వలేదు, అదే పోయింది. పోయి ఎలుగుబంటి వేషం మీద ఆగింది, ఎలుగుబంటి చెయ్యి ఊపింది, అందరూ నవ్వారు. మళ్ళీ దీపం వెనక్కి తెచ్చేసరికి పాట అయిపోయింది, మీ అమ్మ నిలబడి దండం పెడుతోంది.

ఇంటికి నడుస్తుంటే మీ అమ్మమ్మ ఒక్క మాటే అంది. "దీపం మీ చేతిలోనే ఉందిగా, కన్నకూతురి మీద పట్టడానికి చెయ్యి రాలేదూ?" వీధి మలుపు తిరిగాక మీ అమ్మ, "నాన్నా, లేచాక నేను తిరిగాను, చూశావా?" అంది. చూశాను అన్నాను. "ఎన్ని చుట్లు?" అంది. మూడు, అన్నాను. ఎప్పుడూ మూడే కదా. మీ అమ్మ తలూపింది. అంతే. మర్నాడు పొద్దున బూట్లు తుడిచి, తాళ్ళు విప్పి మడతపెట్టి, పక్కింటి పిల్లకి ఇచ్చేసింది. తర్వాత ఆదివారం నేను బుడగలు తెస్తే, ఇంక వద్దు నాన్నా, అవి ఎవరివో కదా, అంది. వారం రోజులయ్యాక మీ అమ్మమ్మ నాతో రహస్యంగా చెప్పింది, ఆ పిల్ల ఐదు తిరిగిందటండీ, జన్మలో మొదటిసారి ఐదు, చీకట్లో, అని. ఐదు. నేను మూడన్నాను. చూళ్ళేదని చెప్పినా సరిపోయేది. చూళ్ళేదని ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు, మీ అమ్మ పెళ్ళప్పుడూ చెప్పలేదు, నువ్వు పుట్టినప్పుడూ చెప్పలేదు.

ఇదంతా గుర్తుకు రావడానికి ఆ కుర్చీలో నేను చెబుతున్నంత సేపేం పట్టలేదు, బుడగ కప్పుకి అంటుకునేలోపే అయిపోయింది. హాలు నిండుతోంది. పిల్లల గోల పైకి లేచి కప్పుకి తగిలి మళ్ళీ మెత్తగా కిందికి రాలుతోంది. నువ్వు పడితే? నీ వంతులో నువ్వు పడితే పిట్ట చెయ్యి కూడా పోతుంది, పోవాలనే కదా నేర్పాను, అప్పుడు నా మనవరాలు కూడా చీకట్లో లేస్తుంది, అదీ నా చేతి పనే అవుతుంది. ఫోన్ చెయ్యడానికి లేదు, పైకెక్కేవాళ్ళు జేబులు ఖాళీ చేసి ఎక్కాలి, అంత ఎత్తునుంచి చిన్న తాళంచెవి జారినా కింద తల పగులుతుంది. నేను ఎక్కుదామంటే మోకాళ్ళు ఇంట్లో గడపే దాటనంటున్నాయి. ఒక్కటే దారి, తాడుసంచి. మంచినీళ్ళూ అవీ కావాలంటే గోడవార తాడుకి గుడ్డసంచి కట్టి పైకి లాక్కుంటారు. అందులో చీటీ వెయ్యొచ్చు. చీటీ రాయాలంటే, నీకు తెలుసుగా, నాకు అంకెలూ నా పేరూ తప్ప రాయడం రాదు. మీ అమ్మని అడగాలి.

"చీటీ ఒకటి రాసిపెట్టమ్మా" అన్నాను.

"ఇప్పుడా? ఎవరికి?"

"పైన పిట్టకి."

మీ అమ్మ నవ్వింది. "రిటైరై ఏడేళ్ళయింది, ఇంకా పెత్తనం పోలేదు నాన్నా నీకు" అని బ్యాగులోంచి పెన్ను తీసి, టికెట్టు వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకుంది. "చెప్పు."

నేను చెప్పాను. పిల్లల ఆటలో ఎవరు పడినా వదలొద్దు. దీపం వాళ్ళ మీదే ఉంచు. లేచేదాకా ఉంచు.

పెన్ను ఆగిపోయింది. నేను మీ అమ్మ ముఖం చూడలేదు, దాని పాపిటే చూశాను, ఇంకా కొంచెం ఎడమకి వంకరే, నడుమ రెండు తెల్లవెంట్రుకలు. ఎంతసేపు ఆగిందో. ముందు వరసలో ఎవరో పిల్లాడు పాప్‌కార్న్ ఒక్కోటీ తీసి వాళ్ళ అమ్మ జడలో గుచ్చుతున్నాడు, నేను అదే చూస్తూ కూర్చున్నాను, ఐదు గుచ్చాడు. తర్వాత పెన్ను కదిలింది. అంతా రాసింది. "కింద ఎవరని రాయను?" అంది, గొంతు మామూలుగానే ఉంది. రెండు అని వెయ్యి, అన్నాను. రెండు అంకె వేసి, దాని కింద ఒక గీత గీసి ఇచ్చింది. టికెట్లు చింపే ఆవిణ్ణి చెయ్యెత్తి పిలిస్తే, చీటీ చూసి, "ఈ వయసులో ప్రేమలేఖలేంటండీ" అని వెటకారం చేసి, తీసుకుని పోయింది. గోడవార తాడు కదులుతుందేమో, సంచి పైకి పోతుందేమో చూద్దామని నేను మెడ తిప్పేలోపు హాల్లో లైట్లు ఆరిపోయాయి.

ఆ చీకటి నాకు తెలిసిన చీకటే, కానీ కింద నుంచి చూస్తే వేరేలా ఉంది, పైన అది బావిలా ఉండేది, కింద దుప్పట్లా ఉంది. పక్కవాళ్ళ ఊపిరి వెచ్చగా తెలుస్తోంది. ముందు పెద్దవాళ్ళ ఆటలు, సముద్రం కథ, నీలం వెలుగు, ఐసంతా నీళ్ళయిపోయింది, పడవ వచ్చింది, తిమింగలం వచ్చింది, ఆరుగురు మనుషులు కలిసి ఒక తిమింగలం, దాని కడుపులోంచి జోకరు జారి బయటికొచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను ఆట చూశాననుకున్నాను గానీ నేను చూసింది పళ్ళెమంత గుండ్రాన్ని, ఆ గుండ్రంలో ఒక మనిషిని. దాని అంచు దాటి ఇంత సముద్రం ఉందని నాకు తెలీదు. కళ్ళు మూతలు పడుతున్నట్టుండి పడలేదు. కప్పులోంచి వెండికాగితం ముక్క ఒకటి తిరుగుతూ తిరుగుతూ దిగి నా మోకాలి మీద వాలింది. ఏ ఆటలోనో వెదజల్లిన కాగితం, ఏళ్ళ తరబడి దూలం మీద కూర్చుని ఇప్పుడు బుద్ధిపుట్టి దిగింది. అది మిణుగురుల ఆటలోదేమో అనిపించింది. అయ్యుండొచ్చు కూడా.

అప్పుడు మీరొచ్చారు. పద్నాలుగు మంది చేపపిల్లలు, వెండి పొలుసులు, చేతులకి నారింజ రంగు రెక్కలు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు. నీది తొమ్మిదో చోటు. మీ అమ్మ ముందుకి వంగింది. ఒకటో దీపం మధ్యలో తిమింగలం మీద నిలబడి ఉంది, రెండోది, పిట్టది, మీ వరస వెంట ఒక్కొక్కరి మీదా వాలుతోంది, వాలినప్పుడు ఆ పిల్ల తన ఆట ఆడాలి, పాట తాళంలో ఎనిమిది లెక్కలు, తర్వాత పక్కపిల్ల మీదకి. ఒకటో పిల్ల దండం పెట్టింది, రెండో పిల్ల ఎగిరింది, పిట్ట చెయ్యి ఎంత మెత్తగా పోతోందో, నీళ్ళు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వంపినట్టు. నేను చేతులు ఎత్తి పట్టుకున్నాను, లేని దీపం పట్టుకుని తిప్పుతున్నాను, మీ అమ్మ చూసిందేమో తెలీదు. ఐదు. ఆరు. ఏడు. ఎనిమిదో పిల్ల, ఆ బొద్దుపిల్ల, నీ స్నేహితురాలు, వెనక్కి జారబోయి పడింది. చప్పుడు మా వరస దాకా వచ్చింది. హాలంతా ఒకేసారి ఊపిరి బిగపట్టింది. పిట్టా, అన్నాను నేను పైకే.

దీపం కదల్లేదు. చీటీ అందింది. వెలుగులో ఆ పిల్ల కూర్చుని ఉంది, ఒక రెక్క ఊడి పక్కన పడింది, ముక్కు తుడుచుకుంది, పైకి చూసింది, ఈ వెలుగు ఇంకా ఎందుకు పోలేదా అన్నట్టు. పోలేదు. ఎంతసేపైనా పోదని ఎలా తెలిసిందో ఆ పిల్లకి, మెల్లగా మోకాలి మీద లేచి, ఊడిన రెక్కని చేతిలోకి తీసుకుని, అందరికీ ఊపింది. నేను అంత చప్పట్లు ఆ హాల్లో ఎప్పుడూ వినలేదు. ఒళ్ళు పులకరించింది. ఆ సంతోషంలో ఉండగానే పాట నడుస్తూనే ఉందని, వంతు తొమ్మిదో పిల్లకి వెళ్ళిపోయిందని, నీ ఎనిమిది లెక్కలూ మొదలైపోయాయని నాకు తెలిసింది. అమ్మలూ, నీ వెలుగు ఆ పిల్ల దగ్గర ఆగిపోయింది. నేను ఆపమన్నాను. పిట్టత్త మర్చిపోయిందని, నీ మీద వెయ్యలేదని ఇన్నాళ్ళూ దాని మీద కోపం పెట్టుకున్నావే, అది మర్చిపోలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. అప్పుడు కూతురిది, ఇప్పుడు మనవరాలిది, నా చేతిమీదుగానే పోయింది.

అయ్యో, అనబోయాను. మీ అమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "అటు కాదు నాన్నా, ఇటు చూడు" అంది.

చూశాను. ఆ బొద్దుపిల్ల మీది వెలుగు ఐసుకి తగిలి పక్కకి చిందుతోంది, పాలు ఒలికినట్టు, ఆ ఒలికిన వెలుగు అంచున నువ్వున్నావు. చీకటే, కానీ కనపడని చీకటి కాదు. దీపం పట్టుకున్నవాడి కళ్ళకి దీపమే అడ్డం, గుండ్రం దాటి ఏమీ కనపడదు, కింద కూర్చున్నవాళ్ళకి కనపడుతుంది, చూడాలనుకుంటే. వెలుగు రాలేదని నువ్వు ఒక్క క్షణం తల తిప్పావు. తర్వాత చేతులు దగ్గరికి తీసుకున్నావు. మీ అమ్మ వేలు నా మణికట్టు మీద కొట్టింది, ఒకటి. నీ పొలుసులు మెరిశాయి, ఆరాయి. రెండు. హాలంతా ఆ బొద్దుపిల్లకి చప్పట్లు కొడుతోంది, ఒక్కరూ ఇటు చూడ్డం లేదు, మేమిద్దరమే. మూడు. మూడు దగ్గర భుజం వాలుతుందనుకున్నాను. వాల్లేదు. నాలుగు. ఇంకొంచెం, అని మీ అమ్మ పళ్ళ మధ్య నుంచి అంది, ఎవరితో అందో, నీతోనో, ముప్పై ఏళ్ళ కిందటి ఎవరితోనో. సగం తిరిగి, ఒరిగి, ఎడమ రెక్క ఐసుకి రాసుకుని, ఆగి నిలబడ్డావు. మీ అమ్మ వేలు సగం పైకి లేచి మెల్లగా దిగింది. పది, అని మేనేజరు పిలిచి ఉంటుంది, పిట్ట దీపం నీ మీదుగా ఎగిరి పదో పిల్ల మీద వాలింది.

చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను అనిపించింది.

"ఆ రోజు నేను చూళ్ళేదమ్మా" అన్నాను. "మూడని ఊరికే అన్నాను."

"తెలుసు నాన్నా" అంది మీ అమ్మ. "దీపం ఎలుగుబంటి మీద ఉంటే నువ్వు నన్నెలా చూస్తావు?"

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను." కింద తిమింగలం తోక ఊపుతూ లోపలికి పోతోంది. "ఐదు తిరిగాను నాన్నా."

ఐదు, అన్నాను నేను. చూడకపోయినా అన్నాను. మీ అమ్మ ముక్కు ఎగబీల్చి, "చలి" అంది, తన శాలువా తీసి నా మోకాళ్ళ మీద కప్పింది.

ఆట అయ్యాక నడవలో పిట్ట మెట్లు దిగి వచ్చింది, చేతిలో ఆ పసుపు బుడగ, ముఖం వెలిగిపోతోంది, "రెండుగారూ, చూశారా, లేచేదాకా ఉంచాను, ఇన్నేళ్ళు ఎందుకు తీసేశామండీ మనం?" అంది. బాగా పట్టావమ్మా, అన్నాను. నువ్వు, లోపల పిల్లల దగ్గరున్న మీ నాన్న వెనక వచ్చావు, ఒక బూటు విప్పి చేత్తో పట్టుకుని, రంగు కారిన ముఖంతో, పిట్ట వైపు చూడను కూడా చూడలేదు. "నా మీద దీపం పడలేదు" అన్నావు. "నేను తిరిగానని ఎవరికీ తెలీదు." మేం మాట్లాడేలోపే నా వైపు తిరిగి, నన్ను పరీక్ష పెడుతున్నట్టు, "తాతయ్యా, ఎన్ని చుట్లు తిరిగానో చెప్పు చూద్దాం" అన్నావు.

మీ అమ్మ గానీ అప్పటి సంగతి చెప్పిందేమో నీకు అనుకున్నాను. చెప్పలేదు. పిల్లలందరూ అడిగేదే అది.

నాలుగున్నర, అన్నాం నేనూ మీ అమ్మా, ఒకేసారి. ఆ అర దగ్గర ఎడమ రెక్క ఐసుకి తగిలింది, అన్నాన్నేను. నువ్వు చెయ్యెత్తి రెక్క చూసుకున్నావు. అంచు తడిగా ఉంది. తడి అంచుని రెండు వేళ్ళతో నొక్కి, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, నవ్వావు. రాశావా? నాలుగు అని రాసి ఊరుకోకు, ఆ అర కూడా రాయి.